కొల్లేట్లో శరత్కాలం: పిట్టల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లకి

భీమవరంలో నాది కళ్లజోళ్ల షాపు. కౌంటర్ వెనక గోడకి ఒక బైనాక్యులర్ వేలాడుతూ ఉంటుంది. అది అమ్మకానికి కాదు, ఆదివారాలు కొల్లేరు వెళ్లేటప్పుడు మెళ్లో వేసుకునేది. పవర్ చెక్ చేయించుకోడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి "దీంతో ఏం చూస్తారండీ?" అని మొదలుపెట్టి, చివరికి "ఈసారి వెళ్లేటప్పుడు మాకూ ఓ మాట చెప్పండి" అంటారు. అద్దాలు బిగించి ఇచ్చేలోపు చెప్పి ముగించే విషయం కాదది. అందుకని దసరా నుంచి కార్తీకం చివరిదాకా కొల్లేట్లో పిట్టల్ని ఎలా చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

లెక్కకి ఎక్కువ పిట్టలు కావాలనుకునేవాళ్లు జనవరిలో వెళ్లండి. అప్పుడు నీళ్లు తగ్గి ఉంటాయి, వలస బాతులన్నీ దిగి ఉంటాయి, వాటి రంగులు కూడా పుస్తకంలో బొమ్మల్లాగే ఉంటాయి. అక్టోబర్, నవంబర్లలో అంత సుఖం లేదు. నీళ్లు నిండుగా ఉంటాయి, తుఫాన్ల భయం ఉంటుంది, పిట్టల్లో సగం ఈకలు మార్చుకుంటూ ఏ రంగుకీ చెందకుండా ఉంటాయి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లని నేను ఈ రెండు నెలల్లోనే రమ్మంటాను. రంగు నమ్ముకోడానికి వీల్లేదు కాబట్టి ఆకారం, నడక, ఎంత లోతు నీళ్లలో నిలబడింది అనే మూడింటినీ చూడక తప్పదు. ఆ మూడూ అలవాటైనవాడికి జనవరిలో ఇక పని నల్లేరు మీద నడకే.

ఎక్కడికి వెళ్లాలి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడన్ని కాలవలు నీళ్లు తెచ్చి ఇందులో పోస్తాయి. బయటికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అది సముద్రానికి పోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఇంత జరిగినా ఇవాళ మీరు ఆకివీడు దాటి కైకలూరు వైపు వస్తే రోడ్డుకి రెండు పక్కలా కనిపించేవి చేపల చెరువులే. సరస్సు ఎక్కడ మొదలైందో, చెరువు ఎక్కడ ముగిసిందో కొత్తవాళ్లకి అంతుపట్టదు. పిట్టలకి ఆ హద్దులతో పనిలేదు. కాబట్టి "అభయారణ్యం గేటు దాటాకే చూద్దాంలే" అని కారులో కబుర్లు చెప్పుకుంటూ రాకండి. మంచివి చాలా రోడ్డు పక్కనే ఉంటాయి.

మొదటిసారి వచ్చేవాళ్లకి ఆటపాక మంచిది. కైకలూరుకి ఆనుకునే ఉంటుంది. గుడివాడ-భీమవరం లైన్లో కైకలూరు స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. అటవీ శాఖ అక్కడి చెరువులో ఇనుప స్టాండ్లు పాతింది. గూడు కట్టుకోడానికి సరిపడా చెట్లు లేక, గూడబాతులు, అదే మనవాళ్లు పెలికాన్లు అంటారే, అవి ఆ స్టాండ్ల మీదే కాపురాలు పెడతాయి. చూడ్డానికి వాచ్ టవర్ ఉంది, బోటు కూడా తిప్పుతారు. టికెట్ ధర, టైములు మారుతుంటాయి కాబట్టి కౌంటర్లో అడగండి. బోటు ఎక్కే ముందు మాత్రం టవర్ మీద ఒక అరగంట కూర్చోండి. పైనుంచి చూస్తే ఏ మూల ఏమున్నాయో మ్యాప్ లాగా తెలుస్తుంది. బోటులో ఉన్నప్పుడు దగ్గరున్నవి తప్ప మిగతావి జమ్ము వెనక పడిపోతాయి.

రెండోది ఏలూరు-కైకలూరు రోడ్డు. ఇది సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి పొద్దున రోడ్డుకి పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు చూడాలి. సూర్యుడు మీ వీపు మీద ఉండాలి. ఎదురెండలో చూస్తే తెల్ల కొంగ కూడా నల్ల బొమ్మే. అయితే ఆ రోడ్డు మీద చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ జోరుగా పోతుంటాయి. బండి రోడ్డు మీద ఆపొద్దు, వెడల్పు ఉన్నచోట పూర్తిగా దింపి, పిల్లల్ని రోడ్డు వైపు కాకుండా నీళ్ల వైపు దింపండి. బాగా వానలు పడ్డ ఏడాది ఈ దారి మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోవడమూ ఉంది, బయల్దేరే ముందు అటు ఊళ్లలో ఎవరినైనా ఫోన్లో కనుక్కోవడం మంచిది.

రోజు విషయానికొస్తే, కార్తీక మాసం ఆదివారాలు వదిలెయ్యండి. వనభోజనాల వాళ్లు స్పీకర్లతో సహా దిగుతారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, మా ఇంట్లోవాళ్లూ వెళ్తారు, కానీ పులిహోర తినడానికి వెళ్లినరోజు పిట్టలు కనపడలేదని బాధపడకూడదు. మామూలు రోజు సెలవు పెట్టుకోగలిగితే అదే ఉత్తమం. షాపువాణ్ని కాబట్టి నాకు ఆదివారమే గతి, అందుకని తెల్లారకముందే చేరి, జనం వచ్చే వేళకి చెరువుల వైపు జారుకుంటాను. దీపావళి మర్నాడు కూడా దండగ. ఊళ్లలో రాత్రంతా మోగిన టపాసులకి పిట్టలు ఇంకా బెదురుగానే ఉంటాయి.

బైనాక్యులర్ సంగతి

ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

8x42 అని రాసి ఉన్నది కొనండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లని. చాలామంది 10x50, 12x50 వైపు మొగ్గుతారు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. కొల్లేరులాంటి చోట పిట్ట ఎగిరినప్పుడు దాన్ని మళ్లీ అద్దంలోకి పట్టుకోవాలంటే మేర కావాలి. ఇక 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. వెనక అద్దంలోంచి మీ కంట్లో పడే వెలుగు చుట్టు అన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. మసక వెలుతురులో కుర్రాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. యాభై దాటినవాళ్లకి సాధారణంగా అయిదు దాటదు. కాబట్టి మా వయసువాళ్లు ఇంకా పెద్ద అద్దం కొని మెడ నొప్పి తెచ్చుకోవడం తప్ప లాభం లేదు.

"20-100 జూమ్" అని ఆన్‌లైన్లో రెండు వేలకి వస్తుంటాయి. ఆ అంకెలు నమ్మకండి. చేతిలోకి తీసుకుని చేయి చాపి, ముందు అద్దాన్ని వెలుతురు వైపు పట్టి, వెనక అద్దంలోకి చూడండి. తెల్లటి చుట్టు గుండ్రంగా, అంచు దాకా ఒకే వెలుగుతో ఉండాలి. పలకలుగా, అంచులు నల్లబడి కనిపిస్తే లోపల ప్రిజమ్ చవకది. తర్వాత దూరంగా ఉన్న కరెంటు స్తంభం చూడండి. ఎంత సర్దినా స్తంభం రెండుగా కనిపిస్తున్నా, అయిదు నిమిషాలకే కణతలు లాగుతున్నా రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడట్లేదని అర్థం. అది వెనక్కి ఇచ్చెయ్యాల్సిందే, సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

కొన్నాక కంటికి సెట్ చేసుకోవడం ఎవరూ చెప్పరు. ముందు రెండు గొట్టాలూ దగ్గరికీ దూరానికీ వంచి, రెండు చుట్లు కలిసి ఒకటే చుట్టు అయ్యేదాకా సర్దండి. తర్వాత కుడి వైపు ముందు అద్దానికి మూత పెట్టి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటితో ఒక బోర్డు మీద అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఇప్పుడు మూత ఎడమకి మార్చి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పుతూ అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. రింగు మీద ఆ గుర్తు ఎక్కడ ఆగిందో జ్ఞాపకం పెట్టుకోండి, అదే మీ రెండు కళ్ల తేడా. ఇకనుంచి చక్రం తిప్పితే చాలు.

కళ్లజోడు ఉన్నవాళ్లు తీసి చూడాలా, పెట్టుకుని చూడాలా అని రోజూ అడుగుతారు. మీ చీటీలో సిలిండర్ పవర్ (CYL అని రాసే అంకె) లేకపోతే తీసి చూడొచ్చు, చక్రం తిప్పితే ఆ తేడా సర్దుకుంటుంది. సిలిండర్ ఉంటే తీయొద్దు, దాన్ని బైనాక్యులర్ సరిచేయలేదు. అప్పుడు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పేసుకోవాలి. లేదంటే అద్దంలో మధ్య భాగమే కనిపించి, చుట్టూ నల్లగా ఉంటుంది. నీటి మీద మెరుపు తగ్గడానికి పోలరైజ్డ్ చలవ అద్దాలు పనికొస్తాయి, బైనాక్యులర్ పెట్టేముందు వాటిని నుదుటి మీదికి నెట్టుకోండి.

అక్టోబర్ పొద్దుల్లో ఏసీ కారులోంచి దిగి బైనాక్యులర్ ఎత్తగానే అద్దాల నిండా ఆవిరి కమ్ముతుంది. చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపేసి కిటికీలు దించండి. ఆవిరిని చొక్కా అంచుతో, లుంగీ కొసతో తుడిచేవాళ్లని చూస్తే నాకు ప్రాణం పోతుంది. చెరువు గట్ల దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, తుడిచినప్పుడల్లా అది అద్దం మీద గీతలు పెడుతుంది. ముందు ఊదండి, తర్వాత కళ్లజోడుకిచ్చే మెత్తటి బట్టతో.

నీటి లోతుని బట్టి

ఎత్తిన బైనాక్యులర్‌తో నీళ్లంతా వెతుక్కుంటూ పోవడం చాలామంది చేసే పని. దానివల్ల తల తిరగడమే తప్ప ఏమీ దొరకదు. ముందు వట్టి కళ్లతో పిట్టని పట్టుకోండి. చూపు దాని మీంచి తీయకుండా, బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. ఇంట్లో డాబా మీద నిలబడి టీవీ కేబుళ్ల మీద కాకులతో ఒక సాయంత్రం సాధన చేస్తే వచ్చేస్తుంది.

తర్వాత ఒడ్డు నుంచి లోపలికి చూసుకుంటూ వెళ్లండి. నీళ్లు లేని గట్టు మీద, ఎండిన బాడవలో తీతువులుంటాయి. మీరు వచ్చిన సంగతి అందరికీ చాటింపు వేసేవి అవే, అవి అరవడం మొదలెడితే కాసేపు కదలకుండా కూర్చోండి. ఒడ్డున తడి మట్టిలో చిన్న చిన్న ఉల్లంకులు. వాటిలో ఒకటి ఆగకుండా తోక ఊపుతూ ఉంటే, రెక్క ముందు భుజం దగ్గర తెల్లటి చీలిక ఉంటే అది కామన్ శాండ్‌పైపర్. వీపు మీద తెల్ల చుక్కలు చల్లినట్టు ఉన్నది వుడ్ శాండ్‌పైపర్. తన మోకాలి లోతు నీళ్లలో పొడుగాటి గులాబీ కాళ్లతో నలుపు తెలుపు పిట్ట నిలబడితే బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్. దీన్ని ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఇంకాస్త లోతులో కొంగలు, నారాయణ పక్షి. గుర్రపుడెక్క, తామరాకుల మీద బరువే లేనట్టు నడిచేవి జకానాలు. వాటి వేళ్లు చూడండి, ఆకు మునగకుండా ఆపేది అంత పొడుగు వేళ్లే. వేసవిలో కొడవలి లాంటి తోకతో మురిపించే రకానికి ఈ కాలంలో ఆ తోక రాలిపోయి ఉంటుంది, మెడ పక్కన పసుపు, దాన్ని అంటి నల్ల గీత చూసి గుర్తుపట్టాలి. జమ్ము, కిక్కిస అంచుల్లో నుదుటి మీద తెల్ల బిళ్లతో నల్లటి బొల్లికోళ్లు, వాటికన్నా పెద్దవైన నీలి స్వాంప్‌హెన్‌లు. అక్కణ్నుంచి లోపల, తెరిపి నీళ్లలో, బాతులు. అన్నిటికీ పైన గాల్లో ఆగి ఆగి నీటి మీదికి ముక్కు దించేవి విస్కర్డ్ టెర్న్‌లు.

ఈ వరస బుర్రలో పడితే సగం గుర్తింపు అయిపోయినట్టే. ఎందుకంటే స్టిల్ట్ నిలబడే లోతులో శాండ్‌పైపర్ నిలబడలేదు, పొట్ట మునిగిపోతుంది.

తెల్ల కొంగలు నాలుగు

"అన్నీ తెల్ల కొంగలేగా" అనేస్తారు. కాదు. పశువుల వెంట, ట్రాక్టర్ల వెంట తిరిగే పొట్టిది ఒకటి, దాని మెడ కూడా పొట్టి, ముక్కు పసుపు. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి, నీళ్లలోంచి కాలెత్తినప్పుడు పాదం మాత్రం పసుపుగా కనిపిస్తే అది లిటిల్ ఎగ్రెట్. మిగిలిన రెండూ పెద్దవే, ఈ కాలంలో రెండిటి ముక్కూ పసుపే, తగువంతా వీటి దగ్గరే. నోటి చీలిక గీత చూడండి. ముక్కు మొదట్లోంచి మొదలై కంటి కిందే ఆగిపోతే ఇంటర్మీడియట్ ఎగ్రెట్. కన్ను దాటి వెనక్కి పోతే గ్రేట్ ఎగ్రెట్. గ్రేట్ మెడలో విరిగి అతికినట్టు ఒక గట్టి వంపు కూడా ఉంటుంది. గీత కనపడేంత దగ్గరికి అది రానీయదు, కాబట్టి ఇక్కడే ఆ 8x42 డబ్బులు కిట్టుబాటవుతాయి.

నత్తల కోసం చెరువు గట్టున తిరిగే ఓపెన్‌బిల్ కొంగని ముక్కు మూసినా మధ్యలో మిగిలే సందుని బట్టి గుర్తుపడతారు. అయితే పిల్ల కొంగలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాక వస్తుంది. సందు లేదని పేరు మార్చెయ్యకండి. సార్వా కోతలు మొదలయ్యాక ఇవి పొలాల్లోకి దిగుతాయి. నవంబర్‌లో ఉండి, గణపవరం ఊళ్ల వైపు వెళ్లేవాళ్లు కోత మిషన్ వెనకాల కొంగల గుంపు చూసే ఉంటారు.

మగవో ఆడవో తెలియని బాతులు

కొల్లేటి పరజలు అని పెద్దవాళ్లు చెప్పుకునే వలస బాతుల్లో గార్గనీ అన్నిటికన్నా ముందు వస్తుంది, సెప్టెంబర్‌కే కొన్ని కనిపిస్తాయి. పింటెయిల్, షోవెలర్ అక్టోబర్ సగం దాటాక. పుస్తకం తెరిస్తే గార్గనీ మగదానికి కంటి మీదుగా తెల్లటి చంద్రవంక గీసి ఉంటుంది. నీళ్లలో చూస్తే అన్నీ గోధుమ రంగే. బాతులు గుడ్లు పెట్టే కాలం అయిపోగానే ఎగిరే ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి. కొన్ని వారాలు ఎగరలేవు. ఆ సమయంలో మెరిసే రంగులుంటే శత్రువు కంట పడతాయి, అందుకని మగవి కూడా ఆడవాటి వేషం కడతాయి. కొత్త ఎగిరే ఈకలు వచ్చి మన దాకా వలస వచ్చినా ఆ వేషం తీయడానికి ఇంకా టైము పడుతుంది. గార్గనీ అయితే మరీ ఆలస్యం, సంక్రాంతి దాటాక కూడా కొన్ని మగవి పాత బట్టల్లోనే తిరుగుతుంటాయి.

కాబట్టి రంగు మర్చిపోయి ముక్కూ మెడా చూడండి. గరిటెలాంటి ముక్కు నీటిలో ఆనించి, తల తిప్పుతూ జల్లెడ పట్టేది షోవెలర్. సన్నటి పొడుగు మెడ, బూడిద ముక్కు, వెనక సూదిలా తేలిన తోక ఉంటే పింటెయిల్. ముఖం మీద గీతలు గీతలుగా ఉండేది గార్గనీ. కంటి పైన తెల్లని గీత, కన్ను మీదుగా నల్లని గీత, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ. తల వెనక్కి తిప్పి ముక్కు ఈకల్లో దాచుకుని నిద్రపోతున్న బాతుల ముందు కూర్చుని పేరు చెప్పడానికి ప్రయత్నించొద్దు. టైం వేస్ట్. కాసేపాగితే ఎవరో ఒకరు లేపుతారు.

ఆ లేపేది మార్ష్ హ్యారియర్ అనే వేట పక్షి. ఇదీ వలస వచ్చేదే, అక్టోబర్‌కల్లా దిగుతుంది. నీటి మీద రెండు నిలువుల ఎత్తులో, రెక్కలు రెండూ పైకి ఎత్తి ఇంగ్లీషు వి అక్షరంలా పట్టుకుని తేలుతూ వస్తుంది. ఆడది ముదురు గోధుమ రంగు, తల మాత్రం మీగడ రంగు. మన ఇటుక రంగు గరుడ పక్షి పైనుంచి పోతే బాతులు పెద్దగా పట్టించుకోవు, ఒకటి రెండు తల ఎత్తి చూస్తాయంతే. హ్యారియర్ జమ్ము దాటి తెరిపి మీదికి వచ్చిందా, ఒక మూల నుంచి మొదలై చెరువంతా లేస్తుంది. అదే మీకు కావలసిన నిమిషం. నిద్రలో ముక్కు దాచుకున్న బాతులు రెక్కలు విప్పుతాయి. గార్గనీ, షోవెలర్ మగవాటి రెక్క భుజాన లేత నీలం ఉంటుంది, గోధుమ రంగు వేషంలో ఉన్నా ఆ నీలం పోదు. అప్పుడు బైనాక్యులర్‌తో హ్యారియర్ వెంట పడకండి, బాతుల మీదే ఉంచండి. రెండు చుట్లు కొట్టి మళ్లీ దిగుతాయి, దిగేటప్పుడు నెమ్మదిస్తాయి కాబట్టి ఇంకోసారి చూడొచ్చు.

గూడబాతుల కాపురం

ఆటపాకకి జనం వచ్చేది వీటి కోసమే, రావడంలో తప్పు లేదు. బూడిద తెలుపు పిట్ట, పై ముక్కు అంచుల్లో వరసగా నల్ల చుక్కలు, కింద సంచి. రెక్కలు విప్పితే రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అక్టోబర్‌లో వచ్చి స్టాండ్ల మీద జాగాల కోసం కొట్లాడుకుంటుంటాయి. నవంబర్‌లో అసలు పని. సాధారణంగా పుల్లలు తెచ్చేది మగది, గూడు అల్లేది ఆడది. ఒక జంటని ఎంచుకుని గంటసేపు దాని మీదే ఉండండి. పుల్ల తెచ్చిన మగది దిగడానికి జాగా లేక స్టాండు చుట్టూ తిరగడం, ఇచ్చిన పుల్ల ఆడదానికి నచ్చక పక్కన పడెయ్యడం, పక్క గూటివాడు మెడ చాపి అదే పుల్ల లాక్కోవడం చూస్తారు. పొద్దున తొమ్మిది దాటి ఎండ వేడెక్కాక వేడి గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, రెక్క ఆడించకుండా. అప్పుడు మెడలు నొప్పి పుట్టినా సరే తలెత్తి చూడాలి.

పొదుగుతున్న గూళ్ల దగ్గరికి బోటు ఇంకాస్త పోనిమ్మని కుర్రాణ్ని బతిమాలొద్దు. గూడబాతు లేస్తే కాకి కోసం గుడ్డు వదిలేసినట్టే. డ్రోన్ అసలు తేవొద్దు, అభయారణ్యంలో అది కేసు అవుతుంది.

చెరువు గట్లు, మనుషులు

సరస్సు చుట్టూ ఉన్న చెరువులు ఒకరి జీవనాధారం. అక్కడ పిట్ట అంటే చేప తినేది. తాళ్లు కట్టి, టపాసులు కాల్చి తోలుతుంటారు. మెళ్లో బైనాక్యులర్‌తో ఎవరో గట్టెక్కితే కాపలా ఉన్నవాళ్లకి సవాలక్ష అనుమానాలు వస్తాయి, ఆఫీసువాళ్లా, సర్వేవాళ్లా అని. ముందు గుడిసె దగ్గరికి వెళ్లి పలకరించండి. ఒకసారి ఒక పెద్దాయన నన్ను చూసి "ఏటి బాబూ, ఆ గొట్టంలో మా చేపల లెక్క తెలుస్తాదా?" అన్నాడు. "లేదు బాబాయ్, కొంగల లెక్క" అంటే నవ్వి, "అయితే రాసుకో, నా చేపలన్నీ అక్కడే ఉన్నాయి" అని టీ పోయించాడు. ఆయనకి బైనాక్యులర్ ఇచ్చి చూడమన్నాను. ఆ తర్వాత ఏ చెరువు ఎండగట్టారో, ఏ చెరువు మట్టిలో పిట్టలు దిగాయో ఆయనే చెబుతాడు. చేపలు పట్టేసి నీళ్లు వదిలేసిన చెరువు దొరికితే అదృష్టం. అక్టోబర్‌లో సరస్సంతా నిండి ఉల్లంకులకి మట్టి దొరకని రోజుల్లో అలాంటి చెరువులోనే అన్నీ చేరతాయి.

గట్ల మీద గడ్డిలో రక్తపింజరలుంటాయి. చెప్పులతో రావద్దు, మడమ దాటే బూట్లు వేసుకోండి, గడ్డిలో నేల కనపడని చోట కాలు పెట్టొద్దు. నీళ్లలో ఈదే నీరుకట్టెకి విషం లేదు, దాన్ని చూసి గంతేసి పక్కవాణ్ని తొయ్యొద్దు. బట్టలు మట్టి రంగో ఆకుపచ్చో అయితే చాలు, మిలిటరీ డ్రెస్సు కొననక్కర్లేదు. తెల్ల చొక్కా మాత్రం వద్దు. తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వెయ్యండి. తుఫాను వెళ్లిపోయి దారులు బాగుపడ్డాక మాత్రం వెళ్లి చూడండి, గాలికి కొట్టుకొచ్చిన సముద్రపు పిట్టలు ఒక్కోసారి లోపలి నీళ్ల మీద దొరుకుతాయి.

దసరా రోజుల్లో వస్తే దారిలో కరెంటు తీగల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. మట్టి రంగు ఛాతీతో మందంగా కూర్చున్న పిట్ట ఎగరగానే రెక్కల్లో రెండు రకాల నీలం విచ్చుకుంటే అది పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని కదా మన నమ్మకం, ఇలా తీగ మీద చూస్తే ఆ శుభమూ వస్తుంది. పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్లకి రూపాయి ఇవ్వకండి. అది నేరం కూడా.

రాసుకోవడం

ఫోటో కన్నా ముందు నోట్‌బుక్. పేరు తెలియకపోయినా ఎంత లోతులో ఉంది, ముక్కు తలకన్నా పొడుగా పొట్టా, తోక ఊపిందా, ఒంటరా గుంపా అని నాలుగు ముక్కలు అక్కడే రాయండి. ఇంటికొచ్చాక గుర్తుండదు. ఫోటో కావాలంటే బైనాక్యులర్ ఒక కంటి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి తీయొచ్చు, కాస్త అలవాటు కావాలి, గుర్తింపుకి సరిపోతుంది. పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్‌లో ఇండియా ప్యాక్ ముందే ఇంట్లో వైఫై మీద దించుకోండి, గట్ల మీద సిగ్నల్ ఉండదు. యాప్ చెప్పిన మొదటి పేరుకే సరే అనకుండా మీ నాలుగు ముక్కలతో పోల్చుకోండి. ఈకలు మారే కాలంలో అది కూడా తడబడుతుంది.

లిస్టుని, పిట్టలు చూసేవాళ్లంతా తమ లెక్కలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్లో ఎక్కించండి. అక్టోబర్ రెండో శనివారం ప్రపంచమంతా అక్టోబర్ బిగ్ డే పేరుతో ఒకే రోజు లెక్క పెడతారు, కొత్తవాళ్లు చేరడానికి అది మంచి రోజు. నవంబర్ 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు. మన పక్కనే ఉన్న హైదరాబాద్ సంస్థానంలో 1931లో పక్షుల సర్వే మొదలుపెట్టింది ఆయనే. ఆ వారంలో ఎక్కడో ఒకచోట పిట్టల నడక పెడుతుంటారు, కనుక్కుని కలవండి. జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి ఆసియాలో చాలా దేశాల్లో చేస్తున్నది. అక్టోబర్, నవంబర్లలో కొంగల నోటి గీతలతో, గోధుమ రంగు బాతులతో కుస్తీ పట్టినవాళ్లు దానికి నిక్షేపంగా వాలంటీర్‌గా పేరు ఇవ్వొచ్చు.

ఇక ఇంటికి రాగానే బైనాక్యులర్‌ని కేసులో పెట్టి మూత బిగించెయ్యకండి. మన డెల్టా చెమ్మకి ఒక వానాకాలంలోనే లోపల ఫంగస్ పడుతుంది, సాలెగూడులా తెల్లటి పోగులు. అది పడ్డాక బాగుచేయడం ఖర్చు, ఒక్కోసారి అద్దం మీద పూత కూడా పోతుంది. ఒక రాత్రి ఫ్యాను కింద ఆరనిచ్చి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. ఆ పొట్లాలు మా షాపులో ఫ్రేముల డబ్బాలతో బోలెడు వస్తాయి, భీమవరం వైపు వస్తే అడగండి, ఊరికే ఇస్తాను.